డాకెట్ నంబరు రాసుకున్నారా?

మా షాపు రేపల్లెలో, బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో ఉంటుంది. జిరాక్సు, రీచార్జి, సిమ్ములు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. కౌంటరు మీద, గల్లా పెట్టె పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్కు పడి ఉంటుంది. దాని అట్ట మీద మా అమ్మాయి స్కెచ్ పెన్నుతో ‘నాన్న గొడవల పుస్తకం’ అని రాసి పెట్టింది. గొడవలు నావి కాదులెండి. రీచార్జి చేయించుకోవడానికి వచ్చిన వాళ్లవి. బ్యాలెన్సు కట్టయిందనో, నెట్టు రావడం లేదనో, కట్టని బిల్లు వచ్చిందనో కంపెనీ మీద కోపంతో వస్తారు. కంపెనీ వాళ్లు ఎదురుగా ఉండరు కాబట్టి నేను దొరుకుతాను.

వచ్చినవాళ్లలో చదువుకున్నవాళ్లైతే మొదటి మాటే, ‘అన్నా, ట్రాయ్‌కి కంప్లైంట్ కొట్టేద్దాం’ అంటారు. ట్రాయ్ అంటే ఫోను కంపెనీలను అదుపులో పెట్టే కేంద్ర సంస్థ. పదేళ్ల కిందట నేనూ అంతే. ఒకాయన సిమ్ము కారణం చెప్పకుండా ఆపేశారని, ఢిల్లీకి ట్రాయ్ ఛైర్మన్ గారి పేరున రెండు పేజీల ఉత్తరం టైపు చేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపించాను. పౌరుషం అలాంటిది. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. మీ ఫిర్యాదును సంబంధిత కంపెనీకి పంపించాము, అంతే. ఏ కంపెనీతో గొడవో ఆ కంపెనీ దగ్గరికే చుట్టు తిరిగి వెళ్లిందన్నమాట.

అప్పుడు నాకు ఒళ్లు మండింది గానీ తర్వాత చదివితే తెలిసింది, అందులో ట్రాయ్ తప్పేమీ లేదు. ట్రాయ్ 1997లో చట్టం ద్వారా పుట్టిన నియంత్రణ సంస్థ. కంపెనీలు ఎలా నడుచుకోవాలో రూల్సు రాయడం, సర్వీసు నాణ్యత కొలవడం, తప్పితే జరిమానా వేయడం దాని పని. 2000లో చట్టం మార్చి, తగాదాలు తీర్చే పనిని ట్రాయ్ నుంచి తీసేసి టీడీశాట్ అనే ట్రిబ్యునల్‌కు అప్పగించారు. ఆ ట్రిబ్యునల్ కూడా కంపెనీల మధ్య తగాదాలు, కంపెనీకీ వినియోగదారుల బృందానికీ మధ్య తగాదాలు వింటుంది. మీదీ నాదీ ఒంటరి గొడవ దాని ముందుకు వెళ్లదు. వంద కోట్లకు పైగా ఫోను కనెక్షన్లున్న దేశంలో, ఒక్కొక్కరి యాభై రూపాయల గొడవ ఢిల్లీలో కూర్చుని తేల్చడం అయ్యే పని కాదు కదా.

మరి మనకేం మిగిలింది? ట్రాయ్ రాసిన రూల్సు మిగిలాయి. అవి చాలా మంచి రూల్సు. 2012 జనవరిలో వచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ రెండు మెట్లు కట్టి తీరాలి. మొదటిది కంప్లైంట్ సెంటర్. రెండోది అప్పీలు అధికారి. ఈ రెండు మెట్లూ ఎక్కి, ఎక్కినట్టు కాగితం చేతిలో పెట్టుకున్నవాడి మాటకు విలువ ఉంటుంది. మెట్లు ఎక్కకుండా పైకి రాయి విసిరితే అది తిరిగి మన నెత్తినే పడుతుంది.

198, 121 ఒకటి కాదు

మా పుస్తకంలో ఎక్కువ పేజీలు ఈ మొదటి మెట్టువే. కాబట్టి ఒక గొడవ మొదటి నుంచి చెబుతాను.

లంకల వైపు నుంచి ఒక పెద్దాయన వస్తుంటాడు. నేను పెదనాన్నా అని పిలుస్తాను. కీప్యాడ్ ఫోను. ఒకరోజు వచ్చి, ‘ఒరే అబ్బాయ్, పోయిన వారం నీ దగ్గరే కదా డబ్బులేయించుకుంది, ఏమయ్యాయిరా?’ అన్నాడు. గొంతులో అనుమానం కంపెనీ మీద కాదు, నా మీద! బ్యాలెన్సు చూస్తే నిజంగానే లేదు. మెసేజీలు తిరగేస్తే, నాలుగు రోజుల కిందట కాలర్ ట్యూన్ పెట్టినందుకు డబ్బు కోశామని ఇంగ్లీషులో ఒక మెసేజీ. ఆయనకు అది చదవడం రాదు. ఆయనకు ఫోను చేసేవాళ్లకు మాత్రం వారం నుంచి ఒక భక్తి పాట వినిపిస్తోంది. ఆ సంగతీ ఆయనకు తెలియదు. తన కాలర్ ట్యూను తనకు వినపడదు కదా.

ఇలాంటి వాటికి ట్రాయ్ 2013లో కచ్చితమైన ఆదేశం ఇచ్చింది. కాలర్ ట్యూన్లు, జ్యోతిషం, క్రికెట్ స్కోర్లు లాంటి అదనపు సేవ ఏది మొదలుపెట్టాలన్నా వినియోగదారుడు రెండుసార్లు ఒప్పుకోవాలి. ఒకసారి అడిగి, మళ్లీ విడిగా ఖరారు చేసుకున్నాకే డబ్బు కోయాలి. పెదనాన్నను అడిగితే, ‘ఏదో ఫోనొచ్చింది, ఆడపిల్ల మాట్లాడింది, నేనేదో నొక్కాను’ అన్నాడు. ఏదో నొక్కడం ఒకసారి. రెండోసారి ఎక్కడ?

ముందు సేవను ఆపించాలి. దానికి అన్ని కంపెనీలకూ ఒకటే నంబరు 155223. కాల్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు, డబ్బు పడదు. ఆపించడం వేరు, పోయిన డబ్బు అడగడం వేరు. చాలామంది ఆపించి ఊరుకుంటారు.

డబ్బు అడగాలంటే 198. ఇక్కడే జనం తప్పు చేస్తారు. అందరి నోట్లో ఉండే నంబరు 121. అది సమాచారం కోసం, ప్లాన్లు చెప్పడానికి. 198 ఫిర్యాదుల కోసం, ఉచితం. ఆ కంపెనీ సిమ్ము నుంచే చేయాలి. పెదనాన్న ఫోనులోంచే చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అయ్యాక మనిషి లైన్లోకి వచ్చేసరికి షాపులో ముగ్గురు కస్టమర్లు నిలబడిపోయారు. ఏం చేస్తాం.

లైన్లోకి వచ్చిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ‘సర్, సర్వీసు డీయాక్టివేట్ అయిపోయింది, ఇంకేమైనా సహాయం కావాలా?’ అంది. అదుగో, ఆ మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మనం థాంక్స్ చెప్పి పెట్టేస్తే అది ఏదో వివరం అడిగినట్టు లెక్క, ఫిర్యాదు కింద కాదు. ‘అమ్మా, డబ్బు తిరిగి వేయమని ఫిర్యాదు నమోదు చేయండి, డాకెట్ నంబరు ఇవ్వండి’ అని అడగాలి. డాకెట్ నంబరంటే ఆ ఫిర్యాదుకు కంపెనీ ఇచ్చే గుర్తింపు నంబరు. ఆ ఒక్క ముక్క అడగగానే అవతల గొంతు మారుతుంది. ఎందుకంటే నంబరు ఇచ్చాక అది కంపెనీ కంప్యూటరులో తేదీ, టైముతో సహా ఎక్కిపోతుంది. గడియారం తిరగడం మొదలవుతుంది. ఆ నంబరు మెసేజీగా కూడా రావాలని రూలు. ఫిర్యాదు తేలాక ఏం చేశారో కూడా మెసేజీలో చెప్పాలి.

మా పుస్తకంలో నేను రాసుకునేవి ఐదే ఐదు. ఫోను నంబరు, డాకెట్ నంబరు, తేదీ, టైము, మాట్లాడిన మనిషి చెప్పిన పేరు. ఆరోది, నా సొంత అలవాటు, ఫిర్యాదు ఒక్క వాక్యంలో. ‘అడగకుండా కాలర్ ట్యూన్, ఫలానా తేదీన ఇంత కట్’. రెండు విషయాలు కలిపి చెప్పకూడదు. డబ్బు కట్టయింది, సిగ్నలు కూడా లేదు, మీ టవరు దండగ అని ఒకే కాల్లో కుమ్మరిస్తే, వాళ్లకు సులువైనది ఒకటి పట్టుకుని, పరిష్కరించామని మూసేస్తారు.

గడువు సంగతి. బిల్లు గొడవలకు కొన్ని వారాల టైము ఉంటుంది. ప్రత్యేకంగా గడువు చెప్పని ఫిర్యాదులు మూడు రోజుల్లో తేల్చాలి. పెదనాన్న డబ్బు మూడో రోజున తిరిగి పడింది. ఆ రోజు ఆయన షాపుకొచ్చి నా ముందు బ్యాలెన్సు రెండుసార్లు చూపించుకున్నాడు. నా మీద అనుమానం అప్పటికి పోయిందనుకుంటాను.

పరిష్కరించామని మెసేజీ వచ్చింది, పరిష్కారం రాలేదు

అన్నీ ఇంత సాఫీగా జరిగితే రెండో మెట్టు అక్కర్లేదు. రెండో మెట్టు విలువ నా సొంత ఇంటి గొడవలో తెలిసింది. కంపెనీ పేరు చెప్పను.

ఇంట్లో ఫైబర్ నెట్టు ఉండేది. మా అబ్బాయి చదువుకు గుంటూరు హాస్టల్లో చేరాక ఇంట్లో వాడేవాళ్లు లేరు. తీసేయమని చెప్పాను. కుర్రాడొచ్చి రూటరు పెట్టె పట్టుకుపోయాడు. పట్టుకుపోయేటప్పుడు నేను చేసిన ఒకే ఒక్క మంచి పని, పెట్టె వెనక సీరియల్ నంబరు కనపడేలా, అతను బండి ఎక్కుతుండగా ఫోనులో ఫొటో తీయడం. అతను నవ్వాడు, ‘అన్నా, మీకింత డౌటా’ అని. తర్వాతి నెల బిల్లు వచ్చింది. ఆ తర్వాతి నెల, పాత బాకీతో కలిపి ఇంకో బిల్లు. డిపాజిట్టు ఊసే లేదు.

ఫిర్యాదు చేశాను. డాకెట్ నంబరు వచ్చింది. రెండో రోజు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజీ. ఏం పరిష్కరించారో తెలియదు. మళ్లీ చేశాను. మళ్లీ నంబరు, మళ్లీ పరిష్కారం. మూడోసారి చేయబోతుంటే మా ఆవిడ, ‘ఊరందరికీ చెబుతావు కదా రెండో మెట్టు అని, నీకెందుకు గుర్తురాదు?’ అంది. నిజమే. అదే మెట్టు మీద మూడుసార్లు ఎక్కి దిగితే మేడ ఎక్కినట్టు కాదు.

ఇక్కడ తెలుసుకోవలసింది ఇది. ఫిర్యాదుకు వచ్చిన జవాబు నచ్చకపోయినా, గడువు దాటినా జవాబు రాకపోయినా, 30 రోజుల్లోపు అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాసుకోవచ్చు. ఫీజు లేదు. మెయిల్లో పంపవచ్చు, పోస్టులో పంపవచ్చు, నేరుగా ఇవ్వవచ్చు. అప్పీలు అందగానే దానికి వేరే నంబరు ఇచ్చి, మూడు రోజుల్లో మనకు చెప్పాలి. 39 రోజుల్లో తేల్చాలి. ఆ మెయిల్ అడ్రస్ కంపెనీ వెబ్‌సైటులో ఎక్కడో అడుగున ఉంటుంది. వెతకలేకపోతే ట్రాయ్ నడిపే ఫిర్యాదుల పర్యవేక్షణ పోర్టల్లో కంపెనీల వారీగా, రాష్ట్రాల వారీగా కంప్లైంట్ సెంటర్ నంబర్లు, అప్పీలు అధికారుల వివరాలు పెట్టి ఉంటాయి. మన రెండు రాష్ట్రాలు విడిపోయి ఇన్నేళ్లైనా టెలికాం లెక్కల్లో ఇంకా ఆంధ్రప్రదేశ్ అనే ఒకే సర్కిల్. తెలంగాణ వాళ్లు కూడా ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కిందే వెతకాలి. వరంగల్లో ఉండే మా తోడల్లుడు తెలంగాణ పేరు కోసం వెతికి వెతికి, కనపడక నాకు ఫోను చేశాడు.

‘అప్పీలు అధికారి కూడా కంపెనీ మనిషే కదా, దొంగ చేతికి తాళాలివ్వడమేగా?’ అని చాలామంది అడుగుతారు. సగం నిజం. ఆ అధికారి పక్కన ఇద్దరు సభ్యుల సలహా కమిటీ ఉంటుంది. అందులో ఒకరు కంపెనీ మనిషి, ఇంకొకరు ట్రాయ్ దగ్గర నమోదైన వినియోగదారుల సంఘం మనిషి. అప్పీలు వాళ్ల ముందుకు వెళ్తుంది. బయటి కళ్లు పడతాయనేసరికి లోపల ఫైలు కదులుతుంది. నా అనుభవంలో కాల్ సెంటరుకు, ఈ మెట్టుకు చాలా తేడా ఉంది. కాల్ సెంటరు వాళ్లకు నా మాట వినడమే పని, ఇక్కడ నా కాగితం చదవడం పని.

కాగితం ఎలా రాయాలి? కోపం రాయకూడదు. నా మొదటి ముసాయిదాలో ‘మోసం’, ‘దోపిడీ’ అనే మాటలు నాలుగుసార్లు ఉన్నాయి. మా అమ్మాయి చదివి, ‘ఇందులో నీకేం కావాలో ఎక్కడుంది నాన్నా?’ అని అడిగింది. తీసేసి మళ్లీ రాశాను. పంపింది ఇంగ్లీషులో, దాని సారం తెలుగులో ఇంతే:

‘నా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షను ఫలానా నంబరు. ఫలానా తేదీన తీసేయమని కోరాను, రిక్వెస్టు నంబరు ఇది. ఫలానా తేదీన మీ సిబ్బంది రూటరు తీసుకెళ్లారు, సీరియల్ నంబరుతో ఫొటో జతచేశాను. ఆ తర్వాత రెండు బిల్లులు వచ్చాయి, జతచేశాను. రెండుసార్లు ఫిర్యాదు చేశాను, డాకెట్ నంబర్లు, తేదీలు ఇవి. రెండింటినీ పరిష్కారం లేకుండా మూసేశారు. నేను కోరేది రెండు. ఆ రెండు బిల్లులు రద్దు చేయడం, నా డిపాజిట్టు ఫలానా మొత్తం నా బ్యాంకు ఖాతాకు తిరిగి పంపడం.’

అంతే. పది పన్నెండు వాక్యాలు. జతచేసినవి నాలుగు. కోరేది అంకెల్లో ఉండాలి. తగిన న్యాయం చేయగలరు అని రాస్తే వాళ్లకు తగినంతే చేస్తారు.

అప్పీలు నంబరు రెండో రోజునే వచ్చింది. తర్వాత ఒకాయన ఫోను చేసి, ‘సర్, రూటరు ఇవ్వలేదని మా సిస్టమ్‌లో చూపిస్తోంది’ అన్నాడు. ‘ఫొటో చూశారా?’ అన్నాను. కాసేపు నిశ్శబ్దం. ‘ఆ, చూస్తున్నాను సర్’ అన్నాడు. నాలుగు వారాలు తిరగకుండానే బిల్లులు రద్దయ్యాయి, డిపాజిట్టు ఖాతాలో పడింది. ఆ రూటరు కుర్రాడు ఇప్పటికీ షాపు ముందు నుంచి వెళ్తూ చెయ్యి ఊపుతాడు. పాపం అతని తప్పేం లేదు, పెట్టె తీసుకున్నట్టు ఎక్కడో ఎవరో ఎక్కించలేదంతే.

ఒక మాట. డాకెట్ నంబరు కంపెనీ దగ్గర కనీసం మూడు నెలలు ఉండాలని రూలు. మన దగ్గర అంతకన్నా ఎక్కువ కాలం ఉండాలి. మెసేజీలు ఖాళీ చేసే అలవాటు ఉన్నవాళ్లు ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

నెట్టు లేదు, సిగ్నలు లేదు

నెట్టు, సిగ్నలు పోయే గొడవల మీద 2024లో ట్రాయ్ కొత్త నాణ్యతా నిబంధనలు తెచ్చింది. ఇంటి బ్రాడ్‌బ్యాండు పాడై మూడు రోజులు దాటినా బాగుచేయకపోతే అద్దెలో తగ్గింపు గానీ, ప్రీపెయిడైతే గడువు పొడిగింపు గానీ ఇవ్వాలి. మొబైలు నెట్‌వర్కు జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి పడిపోతే పోస్టుపెయిడ్ వాళ్లకు అద్దె తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకు అన్ని రోజుల గడువు పెంపు. తుపాను, వరద లాంటి ప్రకృతి విపత్తులు ఇందులోకి రావు. మా తీరం వాళ్లకు అది కాస్త చేదు మాటే. తుపానుకే కదా మాకు టవర్లు పడిపోయేది.

మా వీధిలో ఒక్క టవరు కింద సిగ్నలు సరిగా లేదంటే ఈ పరిహారం రాదు, దానికి మామూలు ఫిర్యాదే దారి. ఇంట్లో ఏ గదిలో, ఏ టైములో, కాల్ పోతోందా డేటా పోతోందా చెప్పాలి. ‘అస్సలు రాదండీ’ అంటే అవతల రాసుకోవడానికేమీ ఉండదు. వీధిలో పదిమంది విడివిడిగా చేసి, పది డాకెట్ నంబర్లు తీసుకుంటే బలం. అందరూ కలిసి ఒక్క అర్జీ మీద సంతకాలు పెడితే కంపెనీ లెక్కలో అది ఒక్కటే.

లోను కావాలా సార్

ఇలాంటి ప్రకటనల కాల్స్ గొడవకు మాత్రం ట్రాయ్ కట్టిన దారి వేరు. నంబరు 1909. అక్కర్లేని ప్రకటనల కాల్స్, మెసేజీల మీద ఫిర్యాదు ఈ నంబరుకు కాల్ చేసి గానీ, మెసేజ్ పెట్టి గానీ, ట్రాయ్ వాళ్ల డీఎన్‌డీ యాప్‌లో గానీ చేయవచ్చు. డీఎన్‌డీ అంటే ప్రకటనలు వద్దని మన నంబరు నమోదు చేయించుకునే ఏర్పాటు. నా సలహా యాప్. కాల్ లిస్టులోంచి నంబరు, తేదీ అదే తీసుకుంటుంది. మెసేజీలో అయితే ఆ పది అంకెలూ, తేదీ, అవతలివాడు ఏమన్నాడో మనమే కొట్టాలి, ఒక్క అంకె తప్పితే పోయినట్టే.

2025 ఫిబ్రవరిలో ఈ రూల్సు గట్టి చేశారు. అంతకుముందు మూడు రోజుల్లో ఫిర్యాదు చేయాలనేవారు, ఇప్పుడు ఏడు రోజులు. రిజిస్టరు కాకుండా మామూలు పది అంకెల నంబరు నుంచి ప్రకటనల కాల్స్ చేసేవాడి మీద, మనం డీఎన్‌డీలో చేరకపోయినా ఫిర్యాదు చేయవచ్చు. వాడి మీద కంపెనీ ఐదు రోజుల్లో చర్య తీసుకోవాలి. పది రోజుల్లో ఒకే నంబరు మీద ఐదు ఫిర్యాదులు వస్తే చాలు, వేటు పడే దారి తెరుచుకుంటుంది. అంతకుముందు ఏడు రోజుల్లో పది కావాల్సి వచ్చేది. అంటే మీకు విసుగు తెప్పించిన నంబరును బ్లాక్ చేసి ఊరుకోకుండా ఫిర్యాదు కూడా చేస్తే, ఎక్కడో ఇంకో నలుగురి ఫిర్యాదులతో అది కలుస్తుంది.

ప్రకటనల కాల్స్ చేసే రిజిస్టర్డ్ కంపెనీలకు 140తో మొదలయ్యే నంబర్లు ఇచ్చారు. బ్యాంకులు, బీమా వాళ్లు ఖాతా పని మీద చేసే కాల్స్‌కు 1600. మెసేజీలు పంపేవాళ్ల పేరు చివర గీత పెట్టి ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. పి అంటే ప్రకటన, ఎస్ అంటే సర్వీసు, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. మా షాపు గోడకు ఇది రాసి అంటించాను. పెదనాన్నకు ఆ నాలుగు అక్షరాలూ బొమ్మల్లా గుర్తుపెట్టుకోమని చెప్పాను, పెట్టుకున్నాడు.

ఇక్కడే ఇంకో సంగతి. ‘ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబరు కట్టవుతుంది, 9 నొక్కండి’ అని రికార్డు చేసిన గొంతుతో కాల్స్ వస్తున్నాయి. మా పక్క మందుల షాపాయన చేత చెమటలు కక్కించారు. ట్రాయ్ ఎవరికీ ఫోను చేసి నంబరు కట్ చేస్తానని చెప్పదు, ఆ మాట ట్రాయే బహిరంగంగా చెప్పింది. మీ ఫిర్యాదు సంగతి మాట్లాడటానికి కూడా ట్రాయ్ నుంచి కాల్ రాదు. అలాంటి కాల్ వస్తే కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్లో చక్షు అనే చోట నమోదు చేయండి. డబ్బు పోయిందంటే మాత్రం పోర్టల్లు వెతుక్కుంటూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

పోర్టు చేసుకుని, అంటే అదే నంబరుతో వేరే కంపెనీకి, పోతానని బెదిరించేవాళ్లు కూడా వస్తారు. పోవచ్చు. 1900కు పోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, మీ నంబరు పెడితే కోడ్ వస్తుంది. నాలుగు రోజులు పనిచేస్తుంది. కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి, బాకీ ఉండకూడదు. మన సర్కిల్లోనే అయితే మూడు పనిదినాల్లో మారిపోతుంది. కానీ డబ్బు రావలసి ఉంటే, వచ్చాకే మారండి. వెళ్లిపోయిన కస్టమరు గొడవ మీద ఎవరికీ తొందర ఉండదు.

రెండు మెట్లూ ఎక్కాక

అప్పీల్లో కూడా కాదన్నారనుకోండి. అప్పుడు మూడు దారులు, ఏది ముందు అనేది మీ ఓపిక.

కేంద్ర టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగం ఉంది, కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ద్వారా రాయవచ్చు. అక్కడ మొదట అడిగేదే కంపెనీ దగ్గర ఫిర్యాదు చేశారా, అప్పీలు చేశారా, నంబర్లేవి అని. ఆ పెట్టెలు ఖాళీగా వదిలితే మా పాత ఉత్తరం గతే. రెండోది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లు కంపెనీతో రాజీకి ప్రయత్నిస్తారు, తీర్పు చెప్పరు.

మూడోది జిల్లా వినియోగదారుల కమిషన్. చాలా ఏళ్లు ఈ తలుపు టెలికాం వాళ్లకు సగం మూసే ఉంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం మధ్యవర్తి దగ్గరికే పోవాలని సుప్రీంకోర్టు 2009లో చెప్పిన మాటను కంపెనీల లాయర్లు పట్టుకుని కూర్చునేవాళ్లు. అహ్మదాబాద్‌లో ఒక వినియోగదారుడు ఊరుకోలేదు. నెలకు సగటున 555 రూపాయలు వచ్చే మొబైలు బిల్లు 2013 చివర్లో ఒక నెలకు 24,609 రూపాయలు దాటింది. ఆయన జిల్లా ఫోరంలో (కమిషన్‌కు అప్పటి పేరు) కేసు వేశాడు. ఫోరం వినకూడదు, వినవచ్చు అనే వాదన మీదే అది ఢిల్లీ దాకా నడిచింది. 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు తేల్చింది. టెలికాం గొడవల్లో వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చు. ఆ ఒక్క బిల్లు వల్ల మా రేపల్లె జనానికి కూడా ఆ తలుపు తెరుచుకుంది.

గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి. మీరు ఉండే చోట వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఇప్పుడు ఆన్‌లైన్లో కూడా వేయవచ్చు. అయితే యాభై రూపాయల కోసం ఇంత దూరం వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. వాయిదాలకు తిరగాలి. వేలల్లో ఉంటేనో, లేదంటే ఆ మనిషికి పట్టుదల నిజంగా ఉంటేనో పుస్తకంలో పేజీ తెరిచి, నంబర్లన్నీ తెల్లకాగితం మీద ఎత్తి రాసిస్తాను. జిరాక్సుకు మాత్రం డబ్బు తీసుకుంటాను. గొడవ వాళ్లదైనా టోనరు నాది.

మరి మన ఫిర్యాదులు తేల్చని ట్రాయ్‌కి రాయడం అసలు దండగా? అలా అననక్కర్లేదు. డబ్బు తిరిగి రాదు గానీ, ఒకే రకం మోసం మీద ఊరూరి నుంచీ ఉత్తరాలు వస్తే రూలు మారడానికి అదొక దారి. రెండుసార్లు అడగాలనే రూలు కూడా అడగకుండా డబ్బు కోస్తున్నారని దేశమంతా మొత్తుకున్నాకే వచ్చింది. ట్రాయ్ వాళ్లు అప్పుడప్పుడు జిల్లాల్లో వినియోగదారుల అవగాహన సభలు పెడుతుంటారు, కంపెనీల ప్రతినిధులు కూడా వస్తారు. మీ దగ్గర పెడితే వెళ్లండి. వెళ్లేటప్పుడు నంబర్లు రాసుకున్న కాగితం పట్టుకెళ్లండి.

పెదనాన్న మొన్న సంక్రాంతి ముందు మళ్లీ వచ్చాడు. రీచార్జి అయ్యాక కూడా కదలడు. అటూ ఇటూ చూసి, ‘ఒరే అబ్బాయ్, ఆ పాట తీయించేశాం కదా... మా మనవరాలు ఫోను చేసినప్పుడల్లా, తాతా నీ ఫోన్లో దేవుడి పాట ఏదీ అంటోందిరా. మళ్లీ పెట్టిస్తావా?’ అన్నాడు. నెలకెంతో చెప్పాను. పర్లేదన్నాడు. పెట్టించాను. ఒప్పుకుంటున్నారా అని ఫోను ఒకసారి అడిగింది. నొక్కాడు. కాసేపటికి ఖరారు చేయమని మళ్లీ అడిగింది. ఈసారి నా వైపు చూసి, కళ్లద్దాలు సర్దుకుని, తనే నొక్కాడు. తేదీ, టైము పుస్తకంలో రాసుకున్నాను.